పింఛను కణాలు

ఆ పేరు పెట్టింది శాస్త్రవేత్తలెవరూ కాదు. హనుమకొండలో హైస్కూలు పీటీ సారుగా పనిచేసి రిటైరైన సదానందం పెట్టాడు. అది కూడా నోట్లో లడ్డు ఉండగా, నవ్వుతూ.

మడికొండ దాటాక గుట్టల పక్కన ఉన్న ఆ క్యాన్సర్ పరిశోధన కేంద్రంలో ఒక ఆనవాయితీ ఉండేది. క్లోమంలో గడ్డ వచ్చిన మనిషి ఆపరేషన్ తర్వాత ఐదేళ్లు బతికి బట్టకడితే ల్యాబులో లడ్లు పంచేవారు. క్లోమం గడ్డ సంగతి తెలిసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు, ఆ ల్యాబులో లడ్లు తిన్న సందర్భాలు చాలా తక్కువ. పంచడం అయ్యాక ఆ మనిషి నమూనాలున్న పెట్టెను 'గెలిచినవారు' అని రాసిన అరలోకి మార్చేవారు. ఒకసారి ఆ అర ఎక్కిన పెట్టెను మళ్లీ ఎవరూ యంత్రం కింద పెట్టేవారు కాదు. టైము లేదని పైకి అనేవారు. గెలిచినవాళ్లను తిరగదోడితే ఏం కనిపిస్తుందోనన్న భయం అసలు కారణం. సైన్సు చదివినంత మాత్రాన భయాలు పోతాయా!

సదానందం పెట్టె ఆ అర ఎక్కిన రోజు లడ్లు పంచింది అతని మేనకోడలు ప్రసూన. ఆమె ఆ ల్యాబులోనే శాస్త్రవేత్త. తెల్లకోట్ల మధ్య కబడ్డీ టీషర్టు వేసుకుని కూర్చున్న మేనమామను చూస్తే ఆమెకు గర్వంగా ఉంది.

"అయితే బిడ్డా, నా కడుపుల ఆ గడ్డను పట్టుకున్న కాపలాగాళ్లు ఇప్పుడేం జేస్తున్నరు?" అని అడిగాడు సదానందం.

"పనైపోయింది గద మామా. ఊకెనే కూసున్నయ్."

"అంటే నా లెక్కనే. పింఛను తీస్కుంటున్నయన్నట్టు!"

ల్యాబంతా ఘొల్లున నవ్వింది. ల్యాబు పెద్ద ఖాద్రీ సారైతే కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. మర్నాటికి అర మీద 'గెలిచినవారు' కింద 'పింఛను కణాలు' అని ఇంకో చీటీ చేరింది. కొన్నాళ్లకు ఖాద్రీ సారు సదస్సుల్లో కూడా ఆ మాటే వాడసాగాడు. పింఛను కణాలు: గడ్డను ఓడించి, పని ముగించుకుని, ఒంట్లో విశ్రాంతిగా ఉండే కాపలా కణాలు. ఎవరూ ఎదురు ప్రశ్న వేయలేదు. అంత ముద్దుగా ఉన్న పేరును ఎవరు కాదంటారు?

పింఛను తీసుకుంటూ కూడా ఆ సదానందం రోజూ పొద్దున్నే స్కూలు గ్రౌండుకు పోయి విజిల్ ఊదుతూ పిల్లలచేత కబడ్డీ ఆడిస్తున్నాడు. ఈ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. తెలిసి ఏం లాభం, ఒక్కరికీ తట్టలేదు.

*

ప్రసూన పని కణపటాలు తీయడం. గడ్డ నుంచి ఉల్లిపొర కంటే పలచటి ముక్కను కోసి యంత్రంలో పెడితే, తెర మీద ఒక్కో కణమూ తన రంగుతో కనిపిస్తుంది. క్యాన్సర్ కణాలు ఎరుపు. ఒంటి కాపలా కణాలు ఆకుపచ్చ. క్లోమం గడ్డ తన చుట్టూ తాను కట్టుకునే గట్టి పీచుగోడ బూడిద రంగు. కాపలా కణాలు ఎన్ని ఉన్నాయన్నది మొదట్లో లెక్కపెట్టేవారు. ఎక్కువుంటే మనిషి బతుకుతాడనుకున్నారు. కాదు. అవి ఎక్కడ నిలబడ్డాయన్నదే ముఖ్యమని ఖాద్రీ సారు, ప్రసూన కలిసి తేల్చారు. చాలామందిలో ఆకుపచ్చ కణాలు గోడ బయటే గుంపుగా నిలబడిపోతాయి, తలుపు మూసిన ఇంటి ముందు చుట్టాల్లాగా. ఆ మనుషులు ఎక్కువకాలం ఉండరు. ఎక్కడో ఒకరిలో మాత్రం అవి గోడలోకి దారి చేసుకుని ఎరుపును అంటిపెట్టుకుని ఉంటాయి. సదానందం కణపటం అలాంటిది.

దీంతో ప్రసూనకు ఒక పాడు విద్య అబ్బింది. తెర చూస్తే చాలు, బయట బెంచీ మీద కూర్చున్న మనిషికి ఎంత గడువుందో తెలిసిపోయేది. ఆ బెంచీల ముందు నుంచి నడవలేక ఆమె వెనక మెట్ల దారి వాడటం మొదలుపెట్టింది.

తల్లి కౌసల్య కణపటాన్ని కూడా ఆమే తీయాల్సి వచ్చింది.

కౌసల్య సదానందానికి అక్క. తల్లి పోయాక తమ్ముణ్ని చంకనెత్తుకుని పెంచింది. భర్త పోయాక ఆ తమ్ముడే పక్కింట్లో అద్దెకు దిగి ఆమెకు తోడయ్యాడు. పెళ్లి చేసుకోలేదేమంటే, కబడ్డీతో అయిపోయిందిగా అనేవాడు. ప్రతి ఆదివారం ఆమె గంజు గిన్నెలో బియ్యప్పిండితో సర్వప్ప ఒత్తేది. గుండ్రంగా కాలిన సర్వప్పను నడిమికి విరిచి సగం తమ్ముడికి, సగం తనకు. ప్రసూనకు విడిగా ఇంకోటి చేసేది కానీ, ఆ సగాల లెక్కలోకి కూతుర్ని కూడా రానిచ్చేది కాదు.

ఒక ఆదివారం కౌసల్య పొయ్యి ఆర్పేసి గడప మీద కూర్చుంది.

"నూనె వాసన పడ్తలేదే. నడుంల ఒక్కతీరు గుంజుతున్నది."

సదానందం అక్క ముఖం చూశాడు. కళ్లు పచ్చగా ఉన్నాయి. తన కళ్లు అలా అయిన రోజులు అతనికి గుర్తున్నాయి. నోట్లోకి పెట్టబోయిన సర్వప్ప ముక్కను మెల్లగా పళ్లెంలో పెట్టేశాడు.

తెర మీద తల్లి కణపటం వచ్చినప్పుడు ప్రసూన దాన్ని వేరే ఎవరిదో అనుకుని చూడాలని ప్రయత్నించింది. అలా చూసినా అదే కనిపించింది. దట్టమైన బూడిద గోడ, లోపల ఎరుపు, బయట నిలబడిపోయిన ఆకుపచ్చ. గడ్డ ఆపరేషన్‌కు అందని చోటికి పాకింది. ఆ రోజు వెనక మెట్ల దారి పనికిరాలేదు. ముందు బెంచీ మీద కూర్చుని ఉన్నది ఆమె తల్లే.

*

వలస అన్నది ఖాద్రీ సారు ఎప్పటినుంచో మనసులో పెట్టుకున్న ఆలోచన. దారి తెలిసిన కాపలా కణాలను ఒక ఒంట్లోంచి పిలిచి, దారి తెలియని ఒంట్లోకి పంపడం. రక్తసంబంధం ఉంటేనే కొత్త ఒళ్లు వాటిని రానిస్తుంది. ఎలుకల్లో కుదిరింది. మనిషిలో చేయడానికి అనుమతి వచ్చింది, తగిన జత దొరకలేదు. క్లోమం గడ్డను గెలిచిన మనిషీ, అదే జబ్బుతో ఉన్న తోబుట్టువూ ఒకే ఇంట్లో ఉండాలంటే ఎక్కడ దొరుకుతారు? ఇప్పుడు హనుమకొండలో ఒకే సందులో దొరికారు.

"నాయి కొన్ని తీసి, పెంచి అక్కకిస్తే అయిపాయె గద?" అన్నాడు సదానందం.

"పెంచితే దారి మర్సిపోతయి మామా. గాజుబుడ్డిల పుట్టినయి గోడ దాటుతలేవు. నీ ఒంట్ల ఉన్నయి ఉన్నట్టే తియ్యాలె. అన్నీ."

"అన్నీ అంటే... మల్ల నాకు?"

జవాబు ఖాద్రీ సారు చెప్పాడు. "మీకు వాటితో పని లేదు సార్. ఐదేళ్లు దాటింది, స్కానులో ఏమీ లేదు, రక్తంలో ఏమీ లేదు. ఊరికే కూర్చున్న కణాలు అవి. మీరే కదా పేరు పెట్టారు!"

సదానందం పకపకా నవ్వాడు. "అయితే తీస్కోరి. పింఛనుల ఉన్నోళ్లను మల్ల డ్యూటీకి పిలుస్తే సంబరపడ్తరు. నన్నడుగురి, నేను జెప్త."

సదానందం పెట్టెను ఒకసారి దింపి చూద్దామా అని ప్రసూనకు అనిపించింది. అనిపించింది గానీ అమ్మ రోజురోజుకీ చిక్కిపోతోంది, గెలిచినవారి అరను ముట్టుకునే అలవాటు ల్యాబులో లేదు, పైగా ఆ కణాలు పింఛనులో ఉన్నాయని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఊరుకుంది.

కణాలను వాటి మూలల్లోంచి రక్తంలోకి రప్పించే మందు ఎక్కించారు. సదానందం ఒక చేతిలోంచి రక్తం యంత్రంలోకి పోయి, కాపలా కణాలను అక్కడ వదిలి, ఇంకో చేతిలోకి తిరిగి వచ్చింది. పాలరంగు సంచి ఒకటి నిండింది. అతను దాన్ని చూసి "నా టీమంతా గింతనేనా?" అన్నాడు. పక్క మంచం మీద కౌసల్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"ఏడ్వకక్కా. నువ్వు నాకు ముద్దలు పెట్టలేదా? గిది గంతే."

*

కుదిరింది. అది కుదరకపోయి ఉన్నా ఇంత బాధ ఉండేది కాదు.

నెల తిరిగేసరికి కౌసల్య కణపటంలో తమ్ముడి కణాలు గోడ దాటాయి. గడ్డ కుంచించుకుపోయింది. కళ్లలో పచ్చదనం పోయింది. ఖాద్రీ సారు తెర చూసి ప్రసూన తల మీద చెయ్యి పెట్టాడు. బతుకమ్మ నాటికి కౌసల్య వాడకట్టు ఆడవాళ్లతో కలిసి చప్పట్లు కొడుతూ తిరిగింది. ఆదివారం సర్వప్ప ఒత్తి, నడిమికి విరిచి, తన సగం తాను మొత్తం తింది. ఆ పూట ప్రసూన బాత్‌రూములోకి పోయి తలుపేసుకుని సంతోషంతో ఏడ్చింది. ఆమె జీవితంలో అంత సంతోషపడ్డది అదే ఆఖరు.

దీపావళి దాటాక సదానందం విజిల్ పలచబడింది. ఊదితే గాలే వస్తోందని పిల్లలు నవ్వారు. అతనూ నవ్వాడు. టీషర్టు భుజాల మీద వదులైంది. సర్వప్పలో తన సగాన్ని కాగితంలో చుట్టుకుని "తర్వాత తింట" అని తీసుకెళ్లి, అక్కకు కనపడకుండా కుక్కకు వేస్తున్నాడు. ప్రసూన ఒకనాడు అది చూసింది. ఆ పూటే బండి మీద ఎక్కించుకుని స్కానుకు తీసుకెళ్లింది.

స్కానులో కాలేయం నిండా మచ్చలు.

ప్రసూన ల్యాబుకు పోయి, ఎవరినీ అడగకుండా గెలిచినవారి అర తెరిచింది. సదానందం పెట్టెలో ఆ రోజు సంచిలోంచి మిగిలిన నాలుగు చుక్కలున్న బుడ్డి ఉంది. ఆమె దాన్ని యంత్రంలో పెట్టింది. ఆ యంత్రానికి ఇంకో గుణం కూడా ఉంది. చాలాకాలంగా పనిలేని కాపలా కణం నీలంగా కనిపిస్తుంది. ఇప్పుడిప్పుడే క్యాన్సర్ కణంతో తలపడి వచ్చినది నారింజ రంగులో వెలుగుతుంది.

తెరంతా నారింజ రంగే.

ఖాద్రీ సారు వచ్చి వెనక నిలబడ్డాడు. చెప్పాల్సిన అవసరం ఆమెకు రాలేదు.

"ఒక్కటీ నీలం లేదు," అన్నాడు.

"లేదు సార్. మనం పిలిచిన్నాటిదాకా అవి కొట్లాడుతనే ఉన్నయి. లోపల ఎక్కడో స్కానుకు దొరకనంత తక్కువ క్యాన్సర్ కణాలు మిగిలి ఉంటే వాటిని లేవనీయకుండా ఐదేళ్ల నుంచి పట్టుకొని కూసున్నయి. అందుకే మామ బతికిండు. మనం పట్టు ఇడిపించినం."

"స్కానులో ఏమీ లేదమ్మా... ఏమీ కనపడలేదు..."

"మనం స్కాను చూసినం సార్. వీటిని చూడలేదు. ఒక్కసారి చూస్తే తెల్సిపోతుండె."

ఖాద్రీ సారు స్టూలు మీద కూర్చుండిపోయాడు. అతను చెడ్డవాడు కాదు. ఆ ల్యాబులో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. అందరూ ఒక పీటీ సారు వేసిన జోకుకు నవ్వారు, అంతే. ఆ నవ్వే ఇప్పుడు ప్రసూన చెవుల్లో మోగుతోంది, చెవులు మూసుకున్నా ఆగట్లేదు.

*

ఇంట్లో చెప్పక తప్పలేదు. సదానందం అంతా విని తల ఊపాడు.

"రైడరు పట్టుల ఉన్నప్పుడు ఆట అయిపోయిందనుకొని పట్టినోళ్లను బయటికి పిలుస్తే ఎట్లుంటది? గట్లయింది. పోనీ బిడ్డా. నువ్వు తప్పు జేసినవని నేనంటనా?"

అలా అనకపోవడమే ప్రసూనకు భరించరానిదైంది.

కౌసల్య గోడకు ఒరిగి కూర్చుని ఉంది. "నా ఒంట్ల ఉన్నయి గద వాని కణాలు. మల్ల తీసి వానికియ్యరాదా?" అంది.

"అమ్మా, తీస్తే నీకు మల్ల..."

"తియ్యొచ్చునా, తియ్యరాదా? గది జెప్పు."

"తియ్యొచ్చు."

"నేను తీస్కోను," అన్నాడు సదానందం. "ఇచ్చింది మల్ల గుంజుకునేటోణ్నా నేను?"

అక్కాతమ్ముళ్లు చాలాసేపు గొడవపడ్డారు. చిన్నప్పటి సంగతులన్నీ పైకి వచ్చాయి. చివరికి సదానందమే దిగొచ్చాడు. "సరే. సగం. సగం నీ తాన ఉండాలె, సగం నాకు. అట్లయితేనే ఒప్పుకుంట."

కౌసల్య సరేనంది. తమ్ముడు వెళ్లిపోయాక కూతురి మణికట్టు పట్టుకుంది.

"సగంతోని ఐతదా?"

ప్రసూన ఖాద్రీ సారును అడిగే వచ్చింది. సగాలు చేస్తే ఇద్దరికీ చాలవు. అన్నీ ఒకరికే ఇస్తే ఆ ఒక్కరు నిలబడవచ్చు. ఆ మాట తల్లితో అనలేక నేల చూసింది.

"నాకు సమజైంది. అన్నీ తియ్యి. వానికి సగమే అని జెప్పు."

"నేను తియ్యలేనమ్మా. నా చేతులతోని నిన్ను..."

"వాడు నా పెద్దకొడుకు అసువంటోడే. నీకంటే ముందు వచ్చిండు. తల్లి ఒట్టనుకో, ఏమన్ననుకో. అన్నీ తియ్యి."

ప్రసూన అన్నీ తీసింది. సంతకం పెట్టించుకుంది, మందు ఎక్కించింది, యంత్రం దగ్గర తానే కూర్చుంది. సదానందానికి ఎక్కించేటప్పుడు "సగమేనా?" అని అడిగితే "సగమే మామా" అంది. ఒకరు పోయినా ఒకరు ఉంటారు, ఆ ఒక్కరి కోసమైనా తాను చేసిన ఈ పనికి అర్థం ఉంటుందని మనసును కూడదీసుకుంది.

మొన్న సదానందం కాలేయంలోంచి ముక్క తీసి కణపటం చూసింది. తిరిగొచ్చిన కణాలు గోడ బయట నిలబడి ఉన్నాయి. అక్క ఒంట్లో అక్క గడ్డతో పోరాడీ పోరాడీ అవి ఆ గడ్డ ముఖాన్నే నేర్చుకున్నాయి. తాము పుట్టిన ఒంట్లో తాము ఐదేళ్లు పట్టుకున్న శత్రువును ఇప్పుడు గుర్తుపట్టలేదు. కౌసల్య గడ్డ కాపలా లేక మళ్లీ పెరిగింది. రెండు కణపటాలూ ఇప్పుడు ఒక్కలాగే ఉన్నాయి. ఏది ఎవరిదో పేరు చదివితే తప్ప ప్రసూనకే తెలియలేదు.

*

పరిశోధన కేంద్రం వార్డులో ఇద్దరివీ పక్కపక్క గదులు. మధ్యలో ఒక్క గోడ. కౌసల్య తమ్ముణ్ని తన గదిలోకి రానివ్వద్దని చెప్పింది. తనను ఇలా చూస్తే కణాలన్నీ తీసేశారని వాడికి తెలిసిపోతుందని ఆమె భయం. సదానందం కూడా అక్కను పిలవద్దన్నాడు. తన ఒళ్లు చూస్తే ఉన్న సగం కూడా ఇచ్చేస్తానంటుందని అతని భయం. ఇద్దరూ పక్క గదిలో మనిషి కోలుకుంటున్నట్టే అనుకుంటున్నారు.

ఆదివారం కౌసల్య అడిగిందని ప్రసూన సర్వప్ప ఒత్తి తెచ్చింది. కొంచెం మాడింది. నడిమికి విరిచి సగం తల్లి చేతిలో పెట్టింది. కౌసల్య దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, తిరిగి డబ్బాలో వేసింది.

"నాకు మనసైతలేదు. గిది గూడ వానికే వెట్టు. వానికి ఆకలైతున్నదా?"

"మస్తు ఆకలైతున్నదంటున్నడు."

"పని జేస్తున్నయా వాని కణాలు?"

"చేస్తున్నయమ్మా. గోడ దాటినయి."

కౌసల్య ముఖం ఎన్నాళ్లకో తేటపడింది. "గంతే చాలు నాకు. నేను పోయినంక వాన్ని నువ్వే చూస్కోవాలె. వాడు తిన్ననంటడు గని తినడు. దగ్గర కూసోని తినవెట్టు."

"సరే."

ప్రసూన పక్క గదిలోకి వెళ్లింది. సదానందం కళ్లు తెరవడానికి కొంచెం సమయం పట్టింది. రెండో సగాన్ని చూసి నవ్వడానికి ప్రయత్నించాడు.

"మాడ్సినవ్. నువ్వే చేసినవన్నట్టు. నాకద్దు, గిది గూడ అక్కకే వెట్టు. అక్క తింటున్నదా?"

"తింటున్నది మామా."

"సగం ఉన్నయి గద అక్క తాన? అన్నీ తియ్యలే గద?"

"సగం ఉన్నయి."

"మంచిగైంది. నేను ఎక్కువ దినాలు ఉండ, నాకు తెల్సు బిడ్డా, గట్ల చూడకు. నన్ను పంపినంక అక్కను చూస్కో. ఒంటిగ ఉండనియ్యకు."

"సరే మామా," అంది ప్రసూన.

ఆమె డబ్బా పట్టుకుని రెండు తలుపుల మధ్య నేల మీద కూర్చుంది. ఎడమ గదిలోంచి తల్లి బలహీనమైన గొంతుతో పిలిచింది. "ప్రసూనా, తిన్నడానే?"

డబ్బాలో రెండు సగాలూ పక్కపక్కన ఉన్నాయి. ఎవరూ కొరకలేదు.

"మొత్తం తిన్నడమ్మా," అంది ప్రసూన.